రొట్టెకు సరిపడా చెయ్యి

ఈ మధ్య మా రొట్టెల సెంటర్‌కు వచ్చేవాళ్లలో ఎవరో ఒకరు టిఫిన్ డబ్బా మూత పెట్టుకుంటూ గొంతు తగ్గించి అడుగుతున్నారు: "అక్కా, నీ రెక్క ఎట్ల మంచిగైంది? మా అమ్మకు గూడ గిట్లనే పట్టేసింది." పెనం మీద రొట్టె కాలుతుండగా మొత్తం కథ చెప్పడం కుదరదు. సగం చెప్పి పంపితే వాళ్లు ఆ సగంతోనే వైద్యం మొదలుపెడతారు. అలా సగం విని మేము చేసుకున్న నిర్వాకం వల్లే నేను ఇన్ని నెలలు కుడిచెయ్యి ఉండీ లేనిదాన్నయ్యాను. అందుకే తీరిక చేసుకుని రాస్తున్నాను. మందుల సంగతి డాక్టర్లను అడగండి. నాకు ఏం జరిగిందో, ఎంత భయపడ్డానో, నా వాళ్లు నన్ను ఎంత ప్రేమగా పాడుచేశారో మాత్రం నేను చెబుతాను.

నా పేరు ప్రమీల. పుట్టింది తాండూరు పక్కన పెద్దేముల్ మండలంలో, కందిచేలకు కూలికి పోయే ఇంట్లో. డిగ్రీ చదివి, వికారాబాదులో ఒక ప్రైవేటు బడిలో తెలుగు పాఠాలు చెప్పాను. కరోనాకు బడి మూతపడినప్పుడు ఇంటి ముందు పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు అమ్మడం మొదలుపెట్టాను. తర్వాత బడి తెరిచారు, రమ్మన్నారు, నేను పోలేదు. సంధులు నేర్పడం కంటే రొట్టెలు తినిపించడం సుఖం. రొట్టె తిన్నవాడెవడూ మళ్లీ చెప్పండి టీచర్ అనడు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నా భర్త రత్నం ఇళ్లకు వైరింగ్ పని చేస్తాడు. మా అత్తమ్మ ఎలీశమ్మ, మాట తక్కువ, పని ఎక్కువ. నాకు జొన్న రొట్టె నేర్పింది ఆమే. మా పుట్టింట్లో కూడా రొట్టెలే తినేవాళ్లం కానీ చదువుకునే పిల్లనని నన్ను పిండి దగ్గరకు రానిచ్చేవాళ్లు కాదు. పెళ్లయిన కొత్తలో నేను చేసిన రొట్టెను చూసి అత్తమ్మ, "ఇది రొట్టె గాదు, పెద్దేముల్ మ్యాపు" అన్నది. ఆమె ఆ ఒక్కసారే నన్ను వెక్కిరించింది, ఆ తర్వాత పక్కన కూర్చుని నేర్పింది.

బేరం పెరిగాక బస్టాండుకు పోయే దారిలో చిన్న మలిగె, అంటే దుకాణం గది, తీసుకున్నాం. రత్నం ఎంతో ముచ్చటపడి దాని ముందు భాగంలో తాండూరు బండతో ఎత్తయిన గట్టు కట్టించాడు. "జనం నిలబడి చూడాలె. చేతులతోని తడుతున్నవని చూస్తెనే నమ్ముతరు, మిషన్ రొట్టె గాదని" అన్నాడు. కొలత ఆయన ఒంటికి తీసుకున్నాడు. ఆయన పొడుగు, నేను పొట్టి. గట్టు నా రొమ్ము దాకా వచ్చింది. అయినా చూడ్డానికి భలే ఉంది. రోజూ సాయంత్రం దాని వెనక నిలబడి రొట్టెలు తట్టేదాన్ని, జనం నిజంగానే ఆగి చూసేవాళ్లు. నాకు ఆ చూపులు నచ్చేవి కూడా.

*

వానలు వెనక్కు తగ్గిన అక్టోబరులో నొప్పి మొదలైంది. మొదట భుజం లోపల ఎక్కడో చిన్న సలుపు. తర్వాత కుడివైపు తిరిగి పడుకోలేకపోయాను. ఒక సాయంత్రం పై అరలోని డబ్బా అందుకోబోతే చెయ్యి మధ్యలో ఆగి, భుజం నుంచి వేళ్ల దాకా కరెంటు కొట్టినట్టయింది. డబ్బా కింద పడింది, నేను పొయ్యి పక్కన కూలబడ్డాను.

రొట్టెలకు వచ్చినవాళ్లంతా ఆ పూట వైద్యులైపోయారు. ఒకాయన ఆముదపాకు కట్టమన్నాడు. ఒకావిడ వాయువు అన్నది. ఒకాయన దిష్టి అన్నాడు, గట్టు వెనక నిలబడినదాన్ని అంతమంది చూస్తుంటే తగలదా అని. ఇప్పుడు ఆలోచిస్తే, కారణం తెలియకపోయినా సరైన చోటే వేలు పెట్టింది ఆ ఒక్కాయనే.

వికారాబాదులో డాక్టరుకు చూపించాం. ఆయన చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, షుగర్ పరీక్ష చేయించి, కొంచెం ఉందని చెప్పి, గోలీలు రాశాడు. కొన్నాళ్లు బరువు పనులు తగ్గించండి, నొప్పి తగ్గగానే చెయ్యి కదిలించడం మొదలుపెట్టాలి, మళ్లీ వచ్చి కలవండి అన్నాడు. మా చెవికి ఎక్కింది పనులు తగ్గించండి అన్నదొక్కటే. మిగతాది దవాఖాన గుమ్మం దగ్గరే వదిలేసి వచ్చాం.

ఇంటికి రాగానే అత్తమ్మ తన పాత నూలు చీర ఒకటి చింపింది. నా మోచెయ్యి మడిచి, పొట్టకు ఆనించి, మెడకు కట్టింది. ముడి మీద ముడి వేసింది.

"మీ మామ చెయ్యి గూడ గిట్లనే మొదలైంది," అన్నది. "నొస్తుంది నొస్తుంది అన్నడు, నేను ఫికర్ చెయ్యలే. ఒక పొద్దుగాల్ల పడిపోయిండు. ఇగ ఆ చెయ్యి మళ్ల లేవలే. నీ చెయ్యి నేను పోనియ్య."

మామయ్యకు వచ్చింది పక్షవాతం. నాది అది కాదని డాక్టరు చెప్పాడు, నేనూ చెప్పాను. కానీ ఆమె కళ్లలో ఉన్న భయానికి డాక్టరు మాట ఏం లెక్క? కట్టించుకున్నాను. నిజం చెప్పాలంటే కట్టు కట్టాక హాయిగా ఉంది. కదలకపోతే నొప్పి లేదు.

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. సంఘంలో ఏ ఆడమనిషికి ఒంట్లో బాగాలేకపోయినా మిగతా అక్కలు ఆమె ఇంటి పనిని వంతులు వేసుకుని పంచుకుంటారు. ఎవరూ అడగనక్కర్లేదు. ఆదివారం ఆరాధన అవగానే మెట్ల మీద నిలబడి, బట్టలు నేను, బాసండ్లు తోముడు నేను, బియ్యం ఏరుడు నేను అని పేర్లు చెప్పేసుకుంటారు. నేనూ ఎంతోమందికి అలా చేశాను. ఇప్పుడు నా వంతు వచ్చింది. సోమవారం పొద్దున్నే ఒకరు చీపురుతో, ఒకరు సబ్బుతో దిగారు. నేను గ్లాసు అందుకోబోతే అత్తమ్మ అందించేది. దువ్వెన పట్టుకుంటే లాక్కుని తనే జడ వేసేది. అన్నం కలిపి ముద్దలు పెట్టేది. నా మోచేతి కింది భాగానికి ఏ రోగమూ లేదు, నా వేళ్లు చక్కగా ముద్ద కలపగలవు. అయినా నోరు తెరిచి పెట్టించుకున్నాను. ఏళ్ల తరబడి అందరికీ తినిపించినదానికి ఎవరో ముద్ద పెడుతుంటే వద్దనాలనిపిస్తుందా?

మలిగెను బాలమణి చూసుకునేది. మా దగ్గర పిండి జల్లించే మనిషి. పాపం ఒక్కతే ఎన్ని రొట్టెలని చేస్తుంది? సగం మంది తిరిగి వెళ్లిపోయేవాళ్లు.

క్రిస్మస్ వచ్చింది. కొత్త రవిక తొడుక్కోవడానికి కట్టు విప్పాం. ఎడమ చెయ్యి దూరింది. కుడిచేతిని ఎత్తమంటే నడుం దగ్గరే ఆగిపోయింది. నొప్పికి భయపడి నేను ఆపలేదు. అదే ఆగింది. లోపల ఎవరో తలుపు గొళ్లెం పెట్టినట్టు. అత్తమ్మ మెల్లగా ఎత్తబోతే భుజం మొత్తం చెవి వైపు లేచింది కానీ చెయ్యి విడిగా లేవలేదు. సాయానికి వచ్చిన ఇద్దరు అక్కలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి పాత రవిక ఒకటి చంక దగ్గర కత్తిరించి, తొడిగి, పైన చీర కప్పారు. మందిరంలో పాట పాడుతున్నంతసేపు నాకు ఏడుపొస్తూనే ఉంది. అందరూ అది భక్తి అనుకున్నారు.

*

జనవరిలో రత్నం మిషన్ మాట ఎత్తాడు. పిండి ముద్ద పెడితే నొక్కి రొట్టె చేసి ఇచ్చే మిషన్ అది, హైదరాబాదులో చూసి వచ్చాడు.

"నీ చెయ్యి కోసమే చెప్తున్న. బటన్ నొక్కుడే. ఎడమ చేత్తోని గూడ నొక్కొచ్చు," అన్నాడు.

బాలమణి చాటలోంచి తల ఎత్తకుండానే, "అన్నా, మిషన్ రొట్టె కాయితం లెక్కుంటది. మన రొట్టె మీద చేతి ఏళ్ల అచ్చులుంటయి. జనం వాటి కోసమే వస్తరు," అన్నది.

అప్పుడు నాకు పెద్ద భయం పట్టుకుంది. అప్పటిదాకా నొప్పి గురించే ఏడ్చాను. చెయ్యి రాకపోతే నేనెవరు అన్న ప్రశ్న రాలేదు. బడి పోయినప్పుడు నా దగ్గర మిగిలింది ఈ రొట్టె తట్టే చెయ్యి. ఇది కూడా పోతే గట్టు వెనక నిలబడి బటన్ నొక్కే మనిషిని అవుతాను. మిషన్‌ను నేను తిట్టడం లేదు. చాలామందికి అది అన్నం పెడుతోంది. నాకే వద్దనిపించింది. వానాకాలం వచ్చిందంటే వేడి రొట్టెలకు జనం బారులు తీరుతారు. అప్పటికి నా చెయ్యి రాకపోతే మిషన్ కొందామని రత్నంతో ఒప్పుకున్నాను.

తాండూరులో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఉందని, పేరు నందిని అని, మాకు జొన్నలు అమ్మే దోమ మండలం రైతు చెప్పాడు. అతని భార్య భుజం అక్కడే బాగైందట. రైలెక్కి పోయాం, నేను, రత్నం, అత్తమ్మ. కట్టుతో ఉన్న నన్ను చూసి పెట్టెలో ఒకావిడ పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని చోటిచ్చింది. దారంతా పక్కవాళ్ల బస్తా తగలకుండా అత్తమ్మ తన చెయ్యి నా భుజానికి అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

నందిని క్లినిక్ పప్పు మిల్లుల వైపు పోయే దారిలో, మేడ మీద. కింద నుంచి కందిపప్పు వాసన. వరండాలో బెంచీల నిండా జనం. బండల గనుల్లో పనిచేసేవాళ్లు, మిల్లులో పప్పు చెరిగే ఆడవాళ్లు, బొంరాస్‌పేట నుంచి వచ్చిన ఒక ముసలాయన. ఎవరికి ఎక్కడ నొప్పి అని అడిగితే ఎవరూ మాటల్లో చెప్పడం లేదు. బండలు మోసే ఆయన లేచి, ఊరికే బండ ఎత్తినట్టు చేసి, ఇదిగో గిక్కడికి రాంగనే పట్టుకుంటది అన్నాడు. చెరిగే ఆమె చాట లేకుండానే చెరిగి చూపించింది. ముసలాయన పశువుకు మేత విసిరాడు. నన్ను అడిగితే ఎడమ చేత్తో రొట్టె తట్టాను. ఎవరి చేతుల్లో ఏమీ లేదు కానీ వరండాలో అందరం పనిలో ఉన్నాం. అన్ని నెలల్లో మొదటిసారి నాకు నవ్వొచ్చింది. ఆ బండల ఆయనే నా నీళ్ల సీసా మూత తీసి ఇవ్వబోయి, ఆగి, "ఒద్దులే అక్కా, నువ్వే తియ్యి. ఈ మేడమ్ చూస్తె తిడ్తది," అన్నాడు. ఆ మాట అప్పుడు అర్థం కాలేదు.

నందిని చిన్నపిల్ల. మా బడిలో చదివి ఉంటే నా ముందు బెంచీలో కూర్చోవాల్సిన వయసు. సొంతూరు కర్ణాటకలో సేడం వైపట, తెలుగులో కన్నడ కలుస్తుంది. ఆశ్చర్యపోతే "హౌదా?" అంటుంది, అవునా అన్నట్టు. నా కట్టు విప్పి, చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పింది.

"ఈ కట్టు ఎవరు కట్టిన్రు అక్కా?"

"మా అత్తమ్మ."

"ఎన్నాళ్లయింది?"

"దసరా అయినకాడి నుంచి," అన్నది అత్తమ్మ కాస్త గర్వంగా. "క్రిస్మస్ నాడు తప్ప ఒక్కపూట ఇప్పలే బిడ్డా."

"హౌదా?" అన్నది నందిని. తర్వాత నెమ్మదిగా చెప్పింది. భుజం కీలు చుట్టూ పలచటి సంచి లాంటిది ఉంటుందట. కదులుతున్నంతకాలం అది వదులుగా ఉంటుంది. వాపు వచ్చినప్పుడు అది బిగుసుకోవాలని చూస్తుంది. ఆ సమయంలో కదపకుండా ఉంచితే అతుక్కుపోతుంది. "నొప్పి మొదలైంది వేరే కారణానికి. కానీ ఇంత బిగిసింది కట్టి పెట్టినందుకే. అమ్మకు తెలియదు కదా, తప్పు పట్టుకోకండి."

తప్పు పట్టుకోవద్దన్న మాట అత్తమ్మకు వినబడలేదు. ముందటి మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

తిరుగు రైల్లో ఆమె నా పక్కన కూర్చోలేదు. ఎదుటి సీటులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చాక రత్నంతో, "నన్ను పెద్దేముల్ల మీ చిన్నమ్మ ఇంటికాడ దింపి రా. నేనుంటె దాని చెయ్యి ఇంకింత చెడగొడ్త," అన్నది. రెండు రోజులు సరిగా తినలేదు. నేను బతిమాలాను. కానీ నాకూ లోపల కోపంగా ఉంది. కోపం ఎవరి మీద పడాలో తెలియలేదు. ముద్దలు పెట్టిన మనిషి మీద ఎట్లా పడతాం? మింగలేక కక్కలేక తిరిగాను. ఇంట్లో ముగ్గురం ఒకరి వీపు ఒకరం చూసుకుంటూ మసిలాం.

*

రెండోసారి తాండూరు పోయేటప్పుడు అత్తమ్మ రానన్నది. రత్నం ఎట్లాగో బయలుదేరదీశాడు. ఆ రోజు నందిని నన్ను, "అక్కా, రొట్టె ఎట్లా చేస్తరో చూపించండి," అని అడిగింది. నా కుడిచెయ్యి చూపించే స్థితిలో లేదు. ఎడమ చేతికి ఆ పని సరిగా రాదు. నందిని అత్తమ్మ వైపు తిరిగింది.

"అవ్వా, మీరు చేసి చూపిస్తరా?"

"మళ్ల నాదే తప్పంటవా?" అన్నది అత్తమ్మ.

"లేదవ్వా. మా ఇంట్ల అమ్మ చేస్తది, నేను తింట. ఎట్ల చేస్తదో ఎన్నడు చూడలే. నిజం."

అత్తమ్మ కాసేపు చూసి, చెంగు నడుముకు దోపుకుని కింద కూర్చుంది. ఒక కాలు మడిచి, ఒక మోకాలు నిలబెట్టి. నేల మీద పరిచిన పేపరే పీట. లేని పిండిని అరచేతి మడమతో పిసికింది. లేని ముద్దను చేతుల్లో గుండ్రంగా తిప్పి, కింద పెట్టి, తట్టడం మొదలుపెట్టింది. టప్ టప్ మని ఆ చప్పుడు వినబడగానే వరండాలో ఉన్నవాళ్లు తెర పక్కకు జరిపి తొంగి చూశారు.

నందిని ఆమె వెనక మోకాళ్ల మీద కూర్చుని, వీపు మీద అరచెయ్యి ఆనించింది. "అక్కా, మీరు కూడా ఇక్కడ పెట్టి చూడండి," అన్నది. నా ఎడమ అరచేతిని అత్తమ్మ కుడి రెక్క ఎముక మీద పెట్టింది.

ఇన్నేళ్లలో ఆమె వీపును నేను ఎన్నడూ తాకలేదు. చీర కింద ఎముకలే. ఆ చెయ్యి తడుతున్నప్పుడల్లా రెక్క ఎముక వీపు మీద కొద్దిగా జారి, మళ్లీ తన చోటికి వస్తోంది. చెయ్యి పైకి లేవడం అంటే భుజం కీలు ఒక్కటే తిరగడం కాదట. వెనక ఈ రెక్క కూడా దానితో పాటు జరగాలి. నాది గోడకు కొట్టిన మేకులాగా ఉంది. ఆమెది ఇంత వయసులోనూ తేలిగ్గా కదులుతోంది.

"బలం ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి," అన్నది నందిని.

నేను భుజం నుంచి అనుకునేదాన్ని. కాదు. అత్తమ్మ నడుం ప్రతి దెబ్బకూ ఇసుమంత ముందుకు ఊగుతోంది. ఒంటి బరువు మోచేతి మీదుగా జారి అరచేతిలోకి దిగుతోంది. మోచెయ్యి తెరుచుకుని మూసుకుంటోంది. తట్టి లేచేటప్పుడు అరచెయ్యి అంచు రొట్టెను కొద్దిగా లాగుతుంది, అందుకే రొట్టె దానంతటదే తిరుగుతుంది. ఇంత పనిలో భుజం ఎత్తేది ఏమీ లేదు. పై చెయ్యి పక్కటెముకలకు దగ్గరగా వేలాడుతూ ఉంది, అంతే. నేను ఎన్నో వేల రొట్టెలు చేసి ఉంటాను, ఇది నాకు తెలియదు. అత్తమ్మకూ తెలియదు. నందినికీ ఆ పూటే తెలిసింది. ముగ్గురం ఒకేసారి నేర్చుకున్నాం.

"ఇప్పుడు మీరు సెంటర్ల ఎట్ల చేస్తరో చూపించండి, ఎడమ చెయ్యి అయినా పర్వాలే."

గది మధ్యలో ఉన్న మంచం మీద దిండ్లు పేర్చి, నా రొమ్ము ఎత్తుకు వచ్చాక, దాని ముందు నిలబడి ఎడమ చేత్తో తట్టాను. నా మోచెయ్యి కోడిరెక్కలాగా పక్కకు లేచింది. నడుం ఊగడానికి వీల్లేదు, బరువు దిగడానికి దారి లేదు. చెయ్యిని గాలిలో ఎత్తి పట్టుకునే పనంతా భుజానిదే. ఆ ఎత్తులో సాయంత్రమంతా అది అలా ఎత్తి పట్టుకునే ఉండేది.

"మా సెంటర్ల గట్టు గింత ఎత్తుంటది," అన్నాను.

"ఈ గట్టు ఎవరు కట్టించిన్రు?" అన్నది నందిని.

రత్నం పైకి చూశాడు. ఫ్యాన్ వైరింగ్ ఏమన్నా చెడిందా అన్నట్టు చాలా శ్రద్ధగా చూశాడు.

"వీడే," అన్నది అత్తమ్మ. వారం రోజులుగా ఆమె గొంతులో లేని జీవం ఆ ఒక్క ముక్కలో ఉంది. "వీడే కట్టిచ్చిండు బిడ్డా. జనం చూడాలె అని."

ఆ తిరుగు రైల్లో అత్తమ్మ నా పక్కనే కూర్చుంది. తను తెచ్చిన పల్లీలు ఒలిచి నాకు ఇవ్వబోయి, చెయ్యి వెనక్కు తీసుకుని, పొట్లం నా ఒళ్లో పెట్టింది. నువ్వే ఒలుచుకో అన్నట్టు. రత్నం మాత్రం తాండూరు నుంచి వికారాబాదు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

*

ఇక ఎండాకాలమంతా వ్యాయామాలు. ఎవరైనా ఈ దశలో ఉంటే ఒక మాట చెబుతాను: ఏడుపొస్తుంది, ఏడవండి, కానీ ఆపకండి. ముందుకు వంగి చెయ్యి వేలాడదీసి ఊపడం తేలిక. గోడ మీద వేళ్లతో పాకుతూ పైకి పోవడం నరకం. రత్నం తలుపు పైన కప్పీ బిగించి తాడు కట్టాడు. ఎడమ చేత్తో లాగితే కుడిచెయ్యి లేవాలి. ఒక్కో రోజు నిన్నటి కంటే కిందే ఆగేది. ఆ రోజుల్లో రత్నం మిషన్ మాట ఎత్తకపోయినా నాకు దాని చప్పుడు వినబడేది.

నందిని పెట్టిన అసలు షరతు వేరే. ఎవరూ సాయం చేయకూడదు. సంఘం అక్కలను రావద్దని చెప్పడానికి నా ప్రాణం పోయింది. ఒకామె మొహం మాడ్చుకుని, "మేం జేసిన పని నచ్చలేదేమో" అన్నది. నచ్చిందక్కా, నచ్చబట్టే నా చెయ్యి బిగిసింది అంటే ఎవరికి అర్థమవుతుంది? చివరికి అత్తమ్మే మందిరం మెట్ల మీద నిలబడి, నేనే కట్టి చెడగొట్టిన, మీరు గూడ నా లెక్క చెయ్యకుండ్రి అని అందరి ముందు చెప్పింది. మాట తక్కువ మనిషి అంత మాట అంతమందిలో అన్నది. నాకు ఆమె మీద మిగిలిన కోపం ఆ మెట్ల మీదే పోయింది.

నేను గోడ దగ్గర నిలబడే వేళకు అత్తమ్మ చెప్పులేసుకుని పక్కింటికి పోయేది. నేను మూలుగుతుంటే ఇంట్లో ఉండి ఊరుకోవడం ఆమె వల్ల కాదు. పక్కింటి ఆమె చెప్పింది, "మీ అత్త మా గోడకు చెవి పెట్టి కూసుంటది" అని.

మామిడిపండ్లు వచ్చేసరికి చెయ్యి రొమ్ము దాకా వచ్చింది. తర్వాత భుజం దాకా, మెల్లగా చెవి దాకా. అక్కడ ఆగింది. ఎంత పాకినా వేళ్లు ఆ మీదికి పోలేదు. నందిని చూసి, "మిగతాది రావచ్చు, రాకపోవచ్చు. ఏడాది దాకా చూడాలె. కానీ అక్కా, రొట్టెకు ఇంత చాలు," అన్నది.

ఆ మాటను నేను తాండూరు స్టేషను బెంచీ మీద కూర్చుని చాలాసేపు నమలుకున్నాను. పై అర అందకపోతే పీట వేసుకుంటాను. రవిక ముందు కుడిచేతికి తొడుక్కుంటాను. ఆశకు అంతుండదు కానీ అవసరానికి ఉంటుంది. నాకు సంతోషంగానే ఉంది.

*

ఈలోగా రత్నం మేస్త్రీని పిలిచి గట్టు కూలగొట్టించాడు. నందినికి ఫోను చేసి, నన్ను నేల మీద కూర్చోబెట్టి, నా మోచేతి ఎత్తు కొలిచి, దాని ప్రకారం మళ్లీ కట్టించాడు. ఇప్పుడు వెనక నేను కూర్చోవడానికి ఒక అరుగు, నా ముందు నా మోచేతి ఎత్తున బండ. బయట నిలబడినవాళ్లు ఒంగి చూడాలి. "చూసేటోళ్లకు నడుం నొయ్యదా?" అన్నాను. "నొయ్యనీ," అన్నాడు. మిషన్ గురించి అడిగితే, ఏ మిషన్ అన్నాడు.

జూన్‌లో మొదటి వాన పడిన సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. బాలమణి పిండిలో ఎసరు పోసి ఇచ్చింది. ముద్ద చేసి, పొడిపిండి చల్లి, అరచెయ్యి ఆనించాను. మొదటి నాలుగు దెబ్బలకు నా చెయ్యి నాది కాదనిపించింది. రొట్టె ఒక పక్క మందంగా, ఒక పక్క చినిగింది. మళ్లీ ముద్ద చేశాను. నడుం ఊగనిచ్చాను. రొట్టె కొంచెం తిరిగింది, ఆగింది, మళ్లీ తిరిగింది. పెనం మీద వేసి, తడిబట్టతో తుడిచి, తిప్పాను. ఒక పక్క పొంగింది. అంచు మాత్రం సరిగా రాలేదు. భుజం లాగుతోంది, నుదుట చెమట, కళ్లలో నీళ్లు పొగకో దేనికో.

ఆ రొట్టె అత్తమ్మకు పెట్టాను. ఆమె మలిగె లోపల పీట మీద కూర్చుని, కారం అద్దుకుని తిన్నది. వంకర అంచు కూడా వదల్లేదు. నేను భుజం పట్టుకుని ఊపిరి తీసుకోవడం ఆమె చూసింది. లేవబోయింది. ఆమె చెయ్యి పిండి పళ్లెం వైపు రావడం నేనూ చూశాను. పదిమంది రొట్టెల కోసం వానలో నిలబడి ఉన్నారు, ఆమె వచ్చి కూర్చుంటే క్షణాల్లో అయిపోతుంది.

ఆమె చేతిని వెనక్కు తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. ఖాళీ పళ్లెం నా వైపు జరిపింది.

"నాకు ఇంకొకటి చెయ్యి," అన్నది.